ఖోఖో వదిలి పరుగుకా, కబడ్డీ వదిలి వాలీబాల్‌కా: హైస్కూల్లో ఆట మార్చుకునే ముందు

జూన్‌లో బడి తెరిచిన తొలి రెండు వారాల్లో మా వ్యాయామ విభాగం గదికి వచ్చే తల్లిదండ్రులలో ఏటా ముగ్గురు నలుగురి ప్రశ్న ఒకటే ఉంటుంది. బిడ్డ ఆరో తరగతి నుంచి ఒక ఆట ఆడుతోంది, ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది, ఆ ఆటలోనే ఉండనివ్వాలా, మాన్పించి ఇంకొకదానిలో చేర్చాలా, చేర్చితే దేనిలో చేర్చాలి? చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి నిరుడు ఇదే మాటను తన పద్ధతిలో అడిగింది: “పాప పరిగెత్తేదాంట్లో గట్టిది సార్, ఏ ఆటలో పెడితే ఏముంది?” తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలను మైదానంలో చూస్తున్న వ్యాయామోపాధ్యాయుడిగా ఆమెకు నేను చెప్పిన జవాబునే ఇక్కడ విస్తరించి రాస్తున్నాను.

గట్టిగా పరిగెత్తే పిల్ల అన్ని ఆటల్లోనూ ఒకేలా రాణించదు, ఎందుకంటే ఒక్కో ఆట ఆ పరుగును ఒక్కో విధంగా వాడుకుంటుంది. మూడేళ్ళ సాధనలో ఆమె ఒంటికి పట్టిన విద్యలో కొంత కొత్త ఆటలోకి వెంట వస్తుంది, కొంత ఎందుకూ పనికిరాకుండా మిగిలిపోతుంది, కొంత అడ్డుపడుతుంది కూడా. ఆ వెంట వచ్చే భాగం ఎంత అన్నదే ఎంపికకు మొదటి కొలత కావాలని నా అభిప్రాయం. టీవీలో ఏ ఆటకు పేరుంది, పక్కింటి అబ్బాయి దేనిలో సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు అన్న ఆలోచనలు దాని తర్వాతే రావాలి.

మొదట కారణం తేలాలి

ఆట మారుస్తానని చెప్పే పిల్లను ఎందుకని అడిగితే మొదటి రోజు వచ్చే జవాబు చాలాసార్లు అసలు కారణం కాదు. “ఇంగ నచ్చలేదు సార్” అన్న మాట వెనక మోకాలి నొప్పి ఉండవచ్చు, జట్టులో తనను ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెట్టడం ఉండవచ్చు, నేర్పే సార్ బదిలీ కావడం ఉండవచ్చు, లేదా ఒక్క ఏడాదిలో ఒళ్ళు పెరిగి పాత ఒడుపు తప్పిపోవడం ఉండవచ్చు. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. సార్‌తోనో జట్టుతోనో పొసగకపోతే ఆటను కాక మైదానాన్ని మార్చి చూడాలి. తిరుపతిలో ఉన్నవారికి శ్రీ శ్రీనివాస క్రీడా సముదాయం, విశ్వవిద్యాలయం వైపు తారకరామ స్టేడియం, ఇందిరా మైదానం వంటి చోట్లు ఉన్నాయి, చిత్తూరులో మెసానికల్ మైదానం ఉంది, ఒక చోట కుదరనిది ఇంకొక చోట కుదరవచ్చు. నొప్పి కారణమైతే ముందు నొప్పిని చూపించాలి, ఎందుకంటే ఎగరడం వల్ల వచ్చిన నొప్పితో ఖోఖో మాని వాలీబాల్‌లో చేరిన పిల్ల అదే నొప్పిని రెట్టింపు చేసుకుంటుంది. ఒళ్ళు పెరగడం కారణమైతే మాత్రం ఆట మార్చడం గురించి నిజంగా ఆలోచించవలసిందే, అప్పుడు ఆలస్యం చేయడమే నష్టం.

ఆటతో విసుగు పుట్టిన పిల్లల విషయంలో నేను తొందరపడను. వారానికి ఆరు రోజులు, ఏడాది పొడుగునా ఒకే ఆట ఆడిన పిల్లకు విసుగు రావడం సహజం. పిల్లల వైద్యులు సాధారణంగా ఇచ్చే సలహా ప్రకారం వారంలో శిక్షణ గంటలు పిల్ల వయసు సంఖ్యను మించకూడదు, అంటే పద్నాలుగేళ్ళ పిల్లకు వారానికి పద్నాలుగు గంటలకు లోపే ఉండాలి. వారంలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఉండాలి. ఒకే ఆటకు పూర్తిగా అంకితం కావడం చాలా ఆటల్లో పదిహేను, పదహారేళ్ళ దాకా వాయిదా వేయడమే మంచిది. ఈ లెక్క తప్పిన పిల్లకు ముందుగా ఒక నెల విశ్రాంతి ఇచ్చి, ఆ తర్వాత అడగండి. నా అనుభవంలో సగం మంది పాత ఆటకే తిరిగి వచ్చారు.

ఏ తరగతిలో మారాలి

పాఠశాలల క్రీడా సమాఖ్య పోటీలు 14, 17, 19 ఏళ్ళలోపు అనే మూడు వర్గాలుగా జరుగుతాయి. ఏడు, ఎనిమిది తరగతుల్లో మారిన పిల్ల కొత్త ఆటను 14లోపు వర్గం చివరి ఏడాదిలో రుచి చూసి, 17లోపు వర్గంలోకి అడుగుపెట్టే సరికి రెండు మూడేళ్ళ వ్యవధి చేతిలో ఉంచుకుంటుంది. తొమ్మిదిలో మారిన పిల్ల పెద్ద పిల్లల మధ్య కొత్తగా నిలబడాలి, మొదటి సంవత్సరం జిల్లా జట్టులో చోటు దొరకకపోవచ్చునని ముందే ఒప్పుకోవాలి. పదిలో మారడాన్ని నేను సాధారణంగా ప్రోత్సహించను. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, 600 మార్కుల ఒత్తిడి, దానికి తోడు కొత్త ఆట నేర్చుకునేటప్పుడు తప్పనిసరిగా వచ్చే ఓటములు, ఇవన్నీ ఒకే ఏడాదిలో పిల్ల మీద వేయడం న్యాయం కాదు. పదిలో ఉన్నవారు పాత ఆటనే తేలికగా కొనసాగించి, పరీక్షలు అయిన తర్వాత ఏప్రిల్, మే నెలల్లో కొత్తది మొదలుపెట్టి ఇంటర్లో 19లోపు వర్గానికి సిద్ధం కావడం మేలు.

ఇంకొక మాట కూడా తెలిసి ఉండాలి. ఆడపిల్లల్లో పొడవు వేగంగా పెరిగే దశ సగటున పన్నెండేళ్ళ ప్రాంతంలో, మగపిల్లల్లో పద్నాలుగేళ్ళ ప్రాంతంలో వస్తుంది. అందువల్ల ఎనిమిదో తరగతి అమ్మాయిని చూసి ఆమె ఎంత పొడవు అవుతుందో కొంతవరకు చెప్పగలం, అదే తరగతి అబ్బాయిని చూసి చెప్పలేం. పొట్టిగా ఉన్నాడని ఎనిమిదిలోనే ఒక అబ్బాయిని వాలీబాల్ నుంచి తీసివేయడం ఈ కారణంగానే తప్పు.

ఖోఖో అమ్మాయికి ఉన్న దారులు

మా ప్రాంతంలో ఎక్కువగా ఎదురయ్యే సందర్భం ఇదే గనుక దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఖోఖోలో ఉండిపోవడం కూడా ఒక దారేనని మొదట చెప్పాలి. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచ కప్‌లో భారత మహిళల జట్టు, పురుషుల జట్టు రెండూ గెలిచిన తర్వాత ఈ ఆటకు గౌరవం పెరిగింది. ఖర్చు అతి తక్కువ, బడి మైదానం చాలు, పొడవుతో పనిలేదు. అయితే ఆసియా క్రీడల పతకాల జాబితాలో ఇంకా చేరని ఆట ఇది, అందువల్ల జాతీయ స్థాయి దాటిన మెట్లు తక్కువ. పిల్ల చురుకుగా, సంతోషంగా ఆడుతూ, జట్టులో ప్రధాన స్థానంలో ఉంటే ఆ ఒక్క కారణానికి ఆమెను బయటికి తీయనవసరం లేదు.

పరుగు పందెం వైపు వెళితే ఏమి వెంట వస్తుందో చూద్దాం. ఖోఖో చేజర్ చతురస్రంలో ముడుచుకుని కూర్చుని, వీపు మీద చేయి పడి ‘ఖో’ అనగానే లేచి దూకుతుంది. ఆ లేచే శక్తి స్టార్టింగ్ బ్లాక్ మీద నుంచి లేవడానికి చాలా దగ్గరిది, అందుకే ఖోఖో పిల్లలు 100 మీటర్లలో మొదటి పది పదిహేను మీటర్లలో అందరికంటే ముందుంటారు. ఆ తర్వాతే చిక్కు వస్తుంది. ఖోఖోలో పరుగు ఎప్పుడూ పొట్టి అడుగులతో, నడుము వంచి, ఏ క్షణంలోనైనా తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. పందెంలో నలభై మీటర్ల దగ్గర నడుము నిటారుగా లేవాలి, అడుగు బారు కావాలి, చేతులు ముందుకు వెనక్కు తప్ప అడ్డంగా ఊగకూడదు. ఈ పాత అలవాటును విడిపించడానికి నాకు సాధారణంగా మూడు నెలలు పడుతుంది, ఆ మూడు నెలల్లో పిల్ల వేగం పాతదానికంటే తగ్గవచ్చు, అది చూసి తల్లిదండ్రులు భయపడకూడదు.

నా సిఫారసు మాత్రం నేరుగా 100 మీటర్లు కాదు. మంచి ఖోఖో రన్నర్ ఇద్దరు ముగ్గురు చేజర్లను తప్పించుకుంటూ రెండు మూడు నిమిషాలు నిలబడగలదు, అంటే ఆయాసాన్ని ఓర్చుకుంటూ పదే పదే వేగం పుంజుకోవడం ఆమెకు తెలుసు. ఆ గుణానికి సరిపోయేవి 400 మీటర్లు, పొడవుంటే హర్డిల్స్, పోల్ డైవ్‌లో, అంటే స్తంభం పట్టుకుని రన్నర్ మీదికి దూకడంలో, బాగా ఎగిరే పిల్లకు లాంగ్ జంప్. మన రాష్ట్రం నుంచే విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీని ఆమె పొడవు చూసి బడి వ్యాయామోపాధ్యాయుడే హర్డిల్స్ వైపు నడిపించారు. ఆమె 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం 100 మీటర్ల హర్డిల్స్‌లో గెలిచింది. అథ్లెటిక్స్ లోపలే ఒక అంశం నుంచి మరొక అంశానికి మారడం కూడా చిన్న సంగతి కాదు: ఏడు అంశాల హెప్టాథ్లాన్‌తో మొదలుపెట్టిన అంజూ బాబీ జార్జ్ లాంగ్ జంప్‌కు మారి 2003లో పారిస్ ప్రపంచ పోటీల్లో 6.70 మీటర్లు దూకి కాంస్యం తెచ్చింది. అథ్లెటిక్స్‌లో ఉన్న ఇంకొక మేలు నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. స్టాప్‌వాచ్‌కు, కొలత టేపుకు మొహమాటం ఉండదు. జట్టు ఆటలో సెలక్షన్ రోజున ఎవరో ఒకరి మనసు మీద ఆధారపడే పిల్ల, ఇక్కడ తన సమయాన్ని తానే పుస్తకంలో రాసుకుని ఎక్కడ ఉన్నదో తెలుసుకుంటుంది. ఇబ్బంది ఏమిటంటే ఒంటరితనం; పన్నెండు మందితో కలిసి నవ్వుతూ బస్సెక్కిన పిల్ల, ఒక్కతే వెళ్ళి ఒక్కతే ఓడి రావడం కొందరికి చాలా కష్టమవుతుంది.

కబడ్డీకి మారే ఖోఖో అమ్మాయికి తప్పించుకునే ఒడుపు, స్తంభం దగ్గర చటుక్కున తిరగడం, ఇవి రైడింగ్‌లో నేరుగా పనికొస్తాయి. ముప్పై సెకన్ల రైడ్‌లో శ్వాసను, తెలివిని ఒకేసారి నిలుపుకోవడం ఆమెకు కొత్త కాదు. కొత్తది ఒంటి మీద ఒళ్ళు పడడం. ఖోఖోలో తాకితే చాలు, కబడ్డీలో యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు), థై హోల్డ్ (తొడ పట్టు) పట్టి నేలకు అదిమివేస్తారు, మెడ, భుజం, మోకాలు వాటికి సిద్ధంగా ఉండాలి. కాబట్టి కనీసం రెండు నెలలు పడడం, దొర్లడం నేర్పి, ఒంటికి బలం కూడబెట్టిన తర్వాతే మ్యాచ్‌లో దించాలి. ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ 1990 నుంచి, మహిళల కబడ్డీ 2010 నుంచి ఉండడం, పైకి వెళ్ళే మెట్లు స్పష్టంగా ఉండడం ఈ దారికి బలం. దూకుడు ఉన్న పిల్లకు ఇది మంచి మార్పు. మెత్తని స్వభావం ఉన్న పిల్లను వేగం ఉందని ఇందులో వేయకండి.

వాలీబాల్‌కు ఖోఖో నుంచి వెంట వచ్చేది తక్కువ. కాళ్ళ చురుకు ఒక్కటే వస్తుంది, చేతివాటం మొత్తం కొత్తగా నేర్వాలి. పెద్దల మహిళల నెట్ ఎత్తు 2.24 మీటర్లు, పురుషులది 2.43 మీటర్లు, తొమ్మిదో తరగతికి కుటుంబంలోని పెద్దల ఎత్తును దాటిపోతున్న అమ్మాయి అయితే ఆలోచించవచ్చు. పొట్టి పిల్లలకు వెనక వరుసలో బంతి లేపే లిబెరో స్థానం ఉందన్న మాట నిజమే, కాని జట్టుకు ఆ స్థానాలు ఒకటి రెండే ఉంటాయి, అక్కడ మూడేళ్ళుగా బంతి లేపడం నేర్చిన పిల్ల ఇప్పటికే నిలబడి ఉంటుంది.

హాకీ గురించి ఈ జిల్లా వారు తప్పక అడుగుతారు, ఎందుకంటే చిత్తూరు జిల్లా పల్లె నుంచి బయలుదేరిన రజని ఎతిమరపు భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. కర్ర పట్టి బంతిని నడిపే నైపుణ్యం పద్నాలుగేళ్ళ తర్వాత మొదలుపెట్టి పై స్థాయికి తేవడం చాలా కష్టం. గోల్‌కీపింగ్ మాత్రం వేరు విద్య. కన్ను, కాలు, ధైర్యం ప్రధానం గనుక ఖోఖో నుంచి, కబడ్డీ నుంచి వచ్చిన పిల్లను అక్కడ పరీక్షించి చూడవచ్చు. శిక్షకుడు, ప్యాడ్‌లు రెండూ దగ్గరలో ఉంటేనే ఈ మాట.

బరువు పెరిగిన కబడ్డీ అబ్బాయి

కబడ్డీలో బరువు పరిమితి ఉంది. పెద్ద పురుషులకు 85 కిలోలు, మహిళలకు 75 కిలోలు, వయసు వర్గం తగ్గే కొద్దీ ఆ అంకె ఇంకా కిందికి వస్తుంది. పదేళ్ళ కిందట నా దగ్గర రైడర్‌ను పట్టే కవర్ స్థానంలో ఒక మంచి ఆటగాడు ఉండేవాడు. తొమ్మిదో తరగతిలో ఒక్కసారిగా పెరిగాడు, జిల్లా సెలక్షన్స్ నాటికి రెండు కిలోలు ఎక్కువ తూగాడు. నేను అతన్ని రెండు రోజులు అన్నం తగ్గించమని, నీళ్ళు తగ్గించమని, స్వెట్టర్ వేసుకుని పరిగెత్తమని చెప్పాను. తూకంలో సరిపోయాడు, మధ్యాహ్నం మ్యాచ్‌లో కళ్ళు తిరిగి పడిపోయాడు. అది నేను చేసిన తప్పు. పెరుగుతున్న పిల్లవాడి ఒంటిని పరిమితికి కుదించడానికి ప్రయత్నించాను, పరిమితి లేని ఆటకు అతన్ని పంపడం గురించి ఆలోచించలేదు. ఆ తర్వాత అతన్ని షాట్‌పుట్‌కు తీసుకుపోయాను. పద్దెనిమిదేళ్ళలోపు అబ్బాయిల గుండు బరువు 5 కిలోలు, పెద్దలది 7.26 కిలోలు, కబడ్డీలో సంపాదించిన తొడల బలం, నడుము తిప్పే బలం రెండూ అతనికి నేరుగా పనికివచ్చాయి. మొదటి ఏడాది ఏ పతకమూ రాలేదు, రెండో ఏడాది జిల్లాలో నిలిచాడు.

కాబట్టి పరిమితి దాటుతున్న కబడ్డీ పిల్లలకు నా వరుస ఇది: కుదురైన ఒళ్ళు ఉంటే షాట్‌పుట్, డిస్కస్, చేతులు బారుగా, పొడవు పెరుగుతూ ఉంటే వాలీబాల్, నేర్పే శిక్షకుడు నిజంగా దగ్గరలో ఉంటేనే వెయిట్‌లిఫ్టింగ్ లేదా కుస్తీ. వెయిట్‌లిఫ్టింగ్‌లోనూ బరువు వర్గాలు ఉన్నా, ఒక వర్గం దాటితే పై వర్గంలోకి వెళ్ళవచ్చు, కబడ్డీలోలాగా తలుపు మూసుకోదు. అయితే సరైన పద్ధతి నేర్పేవారు లేకుండా జిమ్‌లో ఎవరో చూపించిన విధంగా బరువులెత్తడం ప్రమాదకరం.

క్రికెట్ వదిలే పిల్లల గురించి క్లుప్తంగా చెబుతాను. వేగంగా బంతి వేసే పిల్లల భుజం, పరుగు వరుస జావెలిన్‌కు చాలా దగ్గరివి. బ్యాటింగ్ నైపుణ్యం మాత్రం వేరే ఆటకు పెద్దగా వెంట రాదు.

ఆలస్యంగా మొదలుపెట్టినా నిలిచే ఆటలు, నిలవనివి

ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలా కుటుంబాలు డబ్బు పోగొట్టుకుంటున్నాయి. జిమ్నాస్టిక్స్, ఈత, బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ చిన్నతనంలో మొదలు కావలసినవి. తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులైన పి.వి. సింధు కూడా బ్యాడ్మింటన్ రాకెట్‌ను ఎనిమిదేళ్ళకే పట్టింది. తొమ్మిదో తరగతిలో బ్యాడ్మింటన్ మొదలుపెట్టే పిల్ల ఆరోగ్యానికి, సంతోషానికి ఆడవచ్చు, పోటీ కోసం అయితే షటిళ్ళకు, కోర్టు రుసుముకు నెల నెలా పెట్టే ఖర్చుకు తగిన చోటు దొరకడం అరుదు. కడప దగ్గరి పుట్లంపల్లి క్రీడా పాఠశాల వంటి వసతి గృహ పాఠశాలల్లో ప్రవేశం కూడా చిన్న తరగతుల్లోనే జరుగుతుంది గనుక హైస్కూల్ పిల్లలు ఆ దారిని లెక్కలో వేసుకోకూడదు.

అథ్లెటిక్స్‌లోని త్రోలు, 400, 800 మీటర్లు, వెయిట్‌లిఫ్టింగ్, బాక్సింగ్, విలువిద్య వంటివి ఆలస్యాన్ని కొంత క్షమిస్తాయి. మేరీ కోమ్ మొదట పరుగులో, జావెలిన్‌లో ఉండి తర్వాతే బాక్సింగ్‌కు వచ్చింది. చిన్ననాటి ఆట వేరైనా గొప్పగా నిలిచినవారు మన దగ్గరా ఉన్నారు. నాలుగేళ్ళ వయసులో కృష్ణా నదిని ఈది రికార్డు పుస్తకంలోకి ఎక్కిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఈత ఇచ్చిన భుజబలం, ఊపిరి ఆమెకు తోడయ్యాయనే నేను నమ్ముతాను. అయితే ఇలాంటి ఉదాహరణలను చూపి తన పిల్ల కూడా అంతే అవుతుందని ఎవరూ లెక్క కట్టకూడదు. వెంట తెచ్చుకున్నది వృథా పోనవసరం లేదన్నంత వరకే వాటిని తీసుకోవాలి.

మోకాలు, మడమ, రక్తం

పెరిగే వయసులో ఎముక చివర ఇంకా మెత్తగా ఉంటుంది. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొక్కితే నొప్పి పుట్టడం ఎగిరే, దూకే పిల్లల్లో తరచుగా కనిపిస్తుంది. మడమ వెనక నొప్పి పరుగు పిల్లల్లో కనిపిస్తుంది. ఈ రెండూ ఎక్కువగా పెరుగుదల ఆగాక తగ్గేవే, కాని వాటితోనే వాలీబాల్‌లోకి, లాంగ్ జంప్‌లోకి మారడం మంచిది కాదు. అలాంటి పిల్లకు ఆరు నెలలు ఈత లేదా సైకిల్ తొక్కడం వంటివి ఇచ్చి, అవసరమైతే తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రి వంటి చోట ఎముకల వైద్యునికి చూపించి, ఆ తర్వాత నిర్ణయించాలి. ఇక్కడ మా ఊరి అలవాటు ఒకటి చెప్పాలి: స్టామినా కోసమని పిల్లలను తెల్లవారుజామున అలిపిరి మెట్లు ఎక్కిస్తారు. మొత్తం 3,550 మెట్లు ఎక్కడం ఊపిరికి మంచిదే, మోకాలి నొప్పి ఉన్న పిల్ల అదే దారిన దిగడం మాత్రం చెడ్డది. ఎక్కించినవారు దిగేటప్పుడు బస్సులో తీసుకురావాలి.

ఆడపిల్లలు 400 మీటర్లు, 800 మీటర్ల వైపు మారేముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష చేయించమని నేను పట్టుబడతాను. పన్నెండేళ్ళు దాటిన అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువగా ఉంటే అది రక్తహీనత కిందికి వస్తుంది. ఆ పిల్ల వెనకబడితే సోమరితనం అని, ఆట సరిపడలేదని అనడం ఎంతో అన్యాయం. నెలసరి మూడు నెలలు వరుసగా రాకపోతే శిక్షణ ఆపి వైద్యురాలికి చూపించాలి. నిద్ర ఎనిమిది గంటలకు తగ్గకూడదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపే తల్లిదండ్రులు రాత్రి ఎనిమిదిన్నరకు పడుకోబెట్టగలిగితేనే ఆ పని చేయాలి.

సర్టిఫికెట్ల మాట

ఒక ఆటలో వచ్చిన సర్టిఫికెట్ ఆ ఆటకే నిలుస్తుంది. ఖోఖోలో రాష్ట్ర స్థాయి, అథ్లెటిక్స్‌లో రాష్ట్ర స్థాయి కలిపితే జాతీయ స్థాయి కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా నియామకాల్లో ఫారం 1 అంతర్జాతీయ పోటీలకు, ఫారం 2 జాతీయ పోటీలకు, ఫారం 3 అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు, ఫారం 4 పాఠశాలల జాతీయ పోటీలకు సంబంధించినవి. పాఠశాల జాతీయ పోటీలకు ఎంపికయ్యే దూరంలో పాత ఆటలో ఉన్న పిల్లను ఆ ఏడాది మార్చకపోవడమే వివేకం. ఆ పోటీ ఆడి, పత్రం చేతికి వచ్చాక మార్చండి. రాష్ట్రంలో క్రీడాకారులకు ఉద్యోగాల్లో రిజర్వేషన్‌ను 2024 క్రీడా విధానంలో 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. అందువల్ల కొత్త ఆట గుర్తింపు పొందిన ఆటల జాబితాలో ఉన్నదా అని చూసుకోవడం తప్పనిసరి; కొన్ని కొత్త ఆటల పేరుతో ఎవరెవరో ఇచ్చే పతకాలు, పత్రాలు చూసి మోసపోయిన కుటుంబాలను నేను చూశాను. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారులకు నెలకు 10,000 రూపాయల భత్యం ఉంది, కాని ఆ ఎంపిక స్థాయికి చేరడానికి కొత్త ఆటలో రెండు మూడేళ్ళు పడుతుందని అనుకుని బయలుదేరండి.

వేసవిలో పరీక్షించి చూడండి

మే నెలలో జరిగే వేసవి శిక్షణ శిబిరాలు ఆట మార్చే ఆలోచన ఉన్నవారికి దేవుడిచ్చిన అవకాశం. సెలక్షన్స్ ఒత్తిడి ఉండదు, పాత జట్టుకు నష్టం ఉండదు. మా ఎండల్లో ఉదయం ఏడు గంటలు దాటితే పని చేయించకూడదు, అంతే జాగ్రత్త. నాలుగు వారాలు కొత్త ఆటలో ఉంచి ప్రతి శనివారం ఒక పుస్తకంలో నాలుగే విషయాలు రాయించండి: ముప్పై మీటర్ల సమయం, నిలబడి దూకిన దూరం, ఎక్కడైనా నొప్పి ఉందా, సోమవారం మళ్ళీ రావాలని ఉందా. మొదటి రెండు అంకెలు మెరుగుపడినా చివరి జవాబు ‘లేదు’ అయితే ఆ ఆట ఆమెది కాదు. అంకెలు మెరుగుపడకపోయినా నాలుగు వారాలూ ‘ఉంది’ అని రాసిన పిల్లకు ఇంకొక రెండు నెలలు గడువు ఇవ్వండి.

ఇంటికి మైదానానికి మధ్య దూరాన్ని కూడా ఈ నెలలోనే కొలవాలి. పలమనేరు నుంచో శ్రీకాళహస్తి నుంచో మంచి శిక్షకుడి కోసం రోజూ తిరుపతికి రావడం ఒక నెల బాగానే ఉంటుంది, ఆగస్టు వచ్చేసరికి పిల్ల బస్సులోనే నిద్రపోతుంది. అంత గొప్పవాడు కాకపోయినా నడిచి వెళ్ళగల దూరంలో రోజూ ఉండే శిక్షకుడు హైస్కూల్ పిల్లకు ఎక్కువ మేలు చేస్తాడు.

మారాలని నిశ్చయించుకున్న తర్వాత పాత సార్‌కు పిల్లే వెళ్ళి చెప్పాలి, తల్లిదండ్రులు పక్కన ఉండవచ్చు. జూన్‌లో చెబితే ఆ స్థానానికి ఇంకొకరిని తయారు చేసుకోవడానికి ఆయనకు రెండు నెలలు దొరుకుతుంది; ఆగస్టులో సెలక్షన్స్ ముందు రోజు చెబితే పదకొండు మంది పిల్లల ఏడాది పాడవుతుంది. పాత సార్ కోప్పడితే ఆయన మాట పూర్తిగా విని రావాలి, వాదించకూడదు, ఎందుకంటే ఆ పిల్ల ఒంట్లో ఉన్న ఒడుపు ఆయన ఇచ్చినదే.

చంద్రగిరి అమ్మాయిని మేము గత మేలో నాలుగు వారాలు లాంగ్ జంప్‌లో, నాలుగు వందల మీటర్లలో ఉంచి చూశాము. దూకడంలో మోకాలు నొచ్చింది, పరుగులో నొవ్వలేదు. హిమోగ్లోబిన్ పది దగ్గర ఉంటే రెండు నెలలు ఐరన్ మాత్రలు వాడించాము. ఈ ఏడాది ఆమె 400 మీటర్లకు పేరిచ్చింది, బుధవారం సాయంత్రాలు మాత్రం పాత ఖోఖో జట్టుతోనే ఆడుతోంది. అది మానమని నేను చెప్పలేదు.